కోతిబొమ్మ ఊళ్లో నెల్లాళ్లు

ఆమ్‌స్టర్‌డామ్ వెళుతున్నామని తెలియగానే తెనాలిలో మా వీధి వీధంతా తలా ఒక పని అప్పజెప్పింది. ఎదురింటి వాళ్లకి చాక్లెట్లు, మా తోడల్లుడికి తులిప్ దుంపలు, మా ఆవిడ చెల్లెలికి నీలి పువ్వుల పింగాణీ పళ్లెం. మావాడు మాత్రం ఒక్కటే అడిగాడు.

‘నాన్నా, ఊరికి ఉత్తరాన ఒక ఆఫీసుంటుంది. దాని ముందు నిలబడి ఫొటో తీసి పంపు, చాలు.’

‘ఎవరి ఆఫీసురా?’

‘బ్లెండర్ వాళ్లది.’

మిక్సీల కంపెనీ అనుకుంది మా ఆవిడ. ‘మన దగ్గర ఉన్నది బాగానే తిరుగుతోందిగా’ అంది కూడా. వాడు నవ్వలేదు. ఈమధ్య వాడు నవ్వటం తగ్గింది. ఆ సంగతి చెబితేగానీ ఈ ప్రయాణం సంగతి అర్థం కాదు.

నేను హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఊరు విగ్రహాలకి పేరు. గాంధీగారు కావాలన్నా, అంబేద్కర్ కావాలన్నా, ఎన్టీఆర్ కావాలన్నా రెండు రాష్ట్రాల నుంచీ తెనాలి వస్తారు. ముందు ఇనుప కడ్డీలు కట్టి, దానిమీద మట్టి వేసి మనిషిని నిలబెడతారు. తర్వాత మూస తీసి పోత పోస్తారు. మావాడు చిన్నప్పుడు సెలవులన్నీ ఆ షెడ్లలోనే గడిపాడు. ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఆటల సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీలో ఆరేళ్లు చేశాడు. ఒకరోజు బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేశాడు. ‘టాబ్లెట్ మీద వేలితో బొమ్మ చేసి, దాన్ని నడిపించే యాప్ ఒకటి రాస్తాను నాన్నా’ అన్నాడు. అది జరిగి రెండేళ్లు. అప్పట్నుంచీ వరండా గదే వాడి ఆఫీసు. యజమానీ వాడే, గుమాస్తా వాడే, కాఫీలు కలుపుకునేదీ వాడే.

దాచుకున్న డబ్బు అయిపోవచ్చింది. ఒక సంబంధం వచ్చినట్టే వచ్చి, ‘అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. నా రిటైర్మెంట్ డబ్బులో మిగిలిన ఆరు లక్షలు బ్యాంకులో ఉన్నాయి. మేడ మీద రెండు గదులు వేసి అద్దెకిద్దామని మా ఆవిడ. అందులో సగం ఇస్తే ఇంకో ఏడాది నెట్టుకొస్తానని వాడు. ‘అమ్మాయి దగ్గరికి వెళ్లొచ్చాక చూద్దాం’ అని నేను ఇద్దరికీ వాయిదా వేశాను. మగవాడు విమానం ఎక్కటానికి ఇదీ ఒక కారణమే!

సముద్రం కన్నా లోతున దిగాం

2025 సెప్టెంబరు మొదటి వారంలో స్కిపోల్ విమానాశ్రయంలో దిగాం. అది సముద్ర మట్టానికి మూడు మీటర్లకి పైగా దిగువన ఉందని అల్లుడు చెప్పగానే మా ఆవిడ నా చేయి పట్టుకుంది. ఒకప్పుడు అక్కడంతా సరస్సు. నీళ్లు తోడి నేల తేల్చారు. ఆ దేశంలో చాలాచోట్ల అలా తోడి తేల్చిన నేలే.

మా అమ్మాయి వాళ్లుండేది ఆమ్‌స్టెల్‌వీన్‌లో. ఆమ్‌స్టర్‌డామ్‌ని ఆనుకుని ఉన్న ఊరు. మనవాళ్లు ఎక్కువ. మొదటి సాయంత్రమే పార్కులో ఇద్దరు వియ్యపురాళ్లు గుంటూరు యాసలో కోడళ్ల గురించి మాట్లాడుకుంటుంటే మా ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. గోంగూర కూడా దొరుకుతుంది, ధర అడక్కూడదంతే.

నాకు ఆ ఊళ్లో మొదట నచ్చింది కాలవలు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారుగానీ, ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పోయే మా ఊరు నాకు ఆమ్‌స్టర్‌డామ్‌కే దగ్గర చుట్టంలా అనిపించింది. తేడా ఒక్కటే. వాళ్ల కాలవల్లో పడవలు తేలతాయి, మా కాలవల్లో ఏం తేలతాయో నేను చెప్పక్కర్లేదు.

అప్పగించిన పని ముందు పూర్తిచేద్దామని నాలుగో రోజే బయల్దేరాను. ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి ట్రామ్‌లో జుయిడ్ స్టేషను, అక్కడ్నుంచి 52 నంబరు మెట్రో. ఊరి కిందనుంచి దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే ఈ లైను పని 2003లో మొదలైతే రైలు నడిచింది 2018 జులైలో. తవ్వుతుంటే పైన పాత ఇళ్లు కుంగాయి, అనుకున్నదానికన్నా ఖర్చు బాగా పెరిగింది. మన దగ్గరే ఇలా జరుగుతుందనుకునేవాణ్ని. కాస్త ఊరట కలిగింది.

మధ్యలో రోకిన్ స్టేషన్లో తప్పక దిగాలి. అక్కడ ఎస్కలేటర్ల మధ్య అద్దాల వెనక దాదాపు పది వేల వస్తువులు పేర్చి పెట్టారు. అన్నీ మెట్రో కోసం నదీగర్భం తవ్వినప్పుడు దొరికినవే. నాణేలు, తాళాలు, పొగాకు గొట్టాలు, పళ్లబ్రష్షులు, పాత ఫోన్లు. వందల ఏళ్లుగా ఊరు నదిలోకి జారవిడుచుకున్నవన్నీ రకాల వారీగా వరసలు కట్టి ఉన్నాయి. నేను పైకీ కిందికీ మూడుసార్లు తిరిగాను. సెక్యూరిటీ అతను అనుమానంగా చూడటం మొదలెట్టాక రైలెక్కాను.

చివరి స్టేషను నూర్డ్. అంటే ఉత్తరం. దిగి కాస్త నడిస్తే బౌక్‌స్లోటర్‌మేర్‌ప్లైన్. నోరు తిరగటానికి నాకు రెండు రోజులు పట్టింది. పటాల్లో చూసే ఆమ్‌స్టర్‌డామ్ కాదది. కాలవ లేదు, వంకర ఇళ్లూ లేవు. షాపింగ్ సెంటరు, సైకిళ్ల స్టాండు, సంచులతో నడిచే ముసలమ్మలు. అక్కడ 161వ నంబరులో ఉంది మావాడి కాశీ. లోపలికి వెళ్లలేదు. ముందుగా రాయకుండా వెళ్లటం మర్యాద కాదు. వెళ్లి ‘మావాడు మీకు పోటీగా యాప్ రాస్తున్నాడండీ’ అంటే ఏం బాగుంటుంది! పక్కనే బల్ల మీద కూర్చుని ఫొటో తీసి పంపాను. ఇంటి దగ్గర మధ్యాహ్నం రెండున్నర. నిమిషంలో జవాబొచ్చింది. ‘లోపల లైట్లు వెలుగుతున్నాయా నాన్నా?’

వెలుగుతున్నాయి.

లక్ష యూరోల ఆదివారం

ఆ లైట్లు ఆరిపోయిన రోజొకటి ఉంది. ఆ కథ మావాడు నాకు చాలాసార్లు చెప్పాడుగానీ, ఆ బల్ల మీద కూర్చున్నప్పుడే నాకు బుర్రకెక్కింది.

టాన్ రూసెండాల్ అని ఒక డచ్చి ఆయన. 1988లో స్నేహితులతో కలిసి నియోజియో అనే యానిమేషన్ స్టూడియో పెట్టాడు. తమ పని కోసం తామే రాసుకున్న సాఫ్ట్‌వేరే బ్లెండర్. 1994 జనవరి 2ని దాని పుట్టినరోజుగా చెబుతారు. కంప్యూటర్లో మట్టి ముద్దలాంటి బొమ్మ చేసి, దానికి ఎముకలు తొడిగి, రంగేసి, దీపం పెట్టి, నడిపించి సినిమా తీసేదాకా అన్నీ అందులోనే. 1998లో దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి, నాట్ ఎ నంబర్ అని కంపెనీ పెట్టాడు. 2000లో పెట్టుబడిదారులు 45 లక్షల యూరోలు ఇచ్చారు. యాభై మంది ఉద్యోగులు. ఆ ఏడాది చివరికి రెండున్నర లక్షల మంది వాడుకదార్లు. మన లెక్కన ఇక స్థిరపడినట్టే. 2002 మొదట్లో కంపెనీ మూతపడింది.

మూతపడేముందు అక్కడ పనిచేసే కుర్రాడొకడు వీడుకోలు జ్ఞాపకంగా ఒక కోతి తల చేసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి వెళ్లాడు. సుజాన్ దాని పేరు. ఇప్పటికీ బ్లెండర్ తెరిచి మెనూలో ఎంచుకుంటే ఆ కోతి వస్తుంది. కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ ముందు దానికే రంగేస్తాడు, దాన్నే తిప్పుతాడు. మా వరండా గది గోడమీద కూడా ఉంది. వచ్చినవాళ్లు ఆంజనేయస్వామి అనుకుంటారు, మేం కాదనం.

అసలు కథ ఆ తర్వాతది. సాఫ్ట్‌వేర్ హక్కులు పెట్టుబడిదారుల దగ్గర ఉండిపోయాయి. ‘లక్ష యూరోలు ఇస్తే వదిలేస్తాం’ అన్నారు వాళ్లు. టాన్ దగ్గర లక్ష లేదు. 2002 జులై 18న వాడుకదార్లనే అడిగాడు. మీరు తలా కాస్త వేస్తే దీన్ని కొని అందరిదీ చేసేస్తాను అని. ఏడంటే ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి. అక్టోబరు 13న, అదీ ఆదివారమే, దాని గుట్టంతా ప్రపంచానికి తెరిచి పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. 45 లక్షలతో మునిగింది, లక్షతో తేలింది. ఈ వాక్యం నాది కాదు, మావాడిది. డబ్బు అడిగేటప్పుడు మా ఆవిడ ముందు దీన్నే వాడాడు. ‘ఆ లక్ష ఇచ్చినవాళ్లు వేలమంది ఉన్నారు, నీకు మేమిద్దరమే’ అంది ఆవిడ. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు.

తర్వాత 2006లో ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’, 2008లో ‘బిగ్ బక్ బన్నీ’ అని ఆ సాఫ్ట్‌వేర్‌తోనే చిన్న సినిమాలు తీసి అవీ ఉచితంగా పంచారు. 2025 మార్చిలో ఆస్కార్ కొట్టిన లాత్వియా దేశపు ‘ఫ్లో’ సినిమా బ్లెండర్‌తో చేసిందే. ఒక్క మాట కూడా లేని సినిమా. వరదలో పిల్లి ప్రయాణం. మా ఆరేళ్ల మనవరాలు నాకు అది రెండుసార్లు చూపించింది, పిల్లికి ఏమీ కాదని ముందే ధైర్యం చెప్పి.

దివాలా తీసిన మరో బొమ్మలాయన

డ్రాయింగ్ మాస్టారు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి రెంబ్రాంట్ ఇల్లు చూడకుండా ఎలా వస్తాడు? పిల్లలకి ముప్పయ్యేళ్లు వెలుగునీడల పాఠం ఆయన బొమ్మలతోనే చెప్పాను, అదీ పాఠ్యపుస్తకంలో మసకేసిన అచ్చుతో. 1639లో పదమూడు వేల గిల్డర్లకి కొన్నాడా ఇల్లు. అప్పు తీర్చలేక 1656లో దివాలా తీశాడు. కోర్టువాళ్లు వచ్చి ఇంట్లో ఉన్నదల్లా గది గదికీ జాబితా రాశారు. వేలం వేశారు. ఇప్పుడు మ్యూజియం వాళ్లు గదులు అలంకరించటానికి పనికొచ్చింది ఆ జప్తు జాబితాయే. ఏ గదిలో ఏముందో అంత వివరంగా ఇంకెవరు రాస్తారు! రంగులు నూరే బండ దగ్గర నేను నిలబడిపోయాను. దివాలా తీసిన ఆ రోజుల్లోనే ఆయన మన మొఘల్ చిత్రాలు చూసి వాటికి నకళ్లు గీసుకున్నాడు. ఆసియా జపాన్ కాగితం మీద, ఢిల్లీ పాదుషాలని, ఆమ్‌స్టర్‌డామ్ అప్పులవాళ్ల మధ్య కూర్చుని.

అక్కడికి దగ్గర్లోనే డచ్ ఈస్టిండియా కంపెనీ పాత ఆఫీసుంది, ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లు వాడుతున్నారు. మచిలీపట్నం అద్దకాలూ, గోదావరి బట్టలూ ఈ కంపెనీ ఓడల్లోనే వచ్చాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లకి ఈ గుమ్మం కొత్తగా ఉండదు. 1602లో ఆ కంపెనీ వాటాలు ఊరందరికీ అమ్మారు. వాటాల చిట్టా రాసింది ఒక డైరెక్టరు ఇంట్లో. ఆఖరి రోజు సాయంత్రం ఆ ఇంటి పనిమనిషి కూడా వచ్చి వంద గిల్డర్లు వేసింది. ఆ కంపెనీ తర్వాత చేసిన పనులు తలుచుకుంటే వెనకేసుకురావాలనిపించదు. కానీ తలా కాస్త వేయటమనేది ఈ ఊరికి పాత అలవాటే అని ఆ గుమ్మంలో అనుకున్నాను.

2012లో బ్లెండర్ వాళ్లు తీసిన ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ సినిమా మొదలయ్యేది పాత చర్చి పక్కన కాలవ వంతెన మీద. ఆ వంతెన ఫొటో కూడా కావాలన్నాడు మావాడు. ఆ చర్చి ఎలాంటి వీధుల మధ్య ఉందో ఎవరూ నాకు చెప్పలేదు. అల్లుణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. మలుపు తిరగ్గానే ఎర్రదీపాల కిటికీలు. మామా అల్లుళ్లం ఇద్దరం ఒక్కసారిగా మా చెప్పుల కేసి చూసుకోవటం మొదలెట్టాం. ఫొటో వంకరగా వచ్చింది. ‘మామయ్యగారూ, ఇంటి దగ్గర చర్చి అని చెబుదాం’ అన్నాడు అల్లుడు. అదే చెప్పాం.

వేలికి ఉన్న ఇబ్బంది

సెప్టెంబరు 17 నుంచి మూడు రోజులు బ్లెండర్ వాళ్ల వార్షిక సమావేశం కైజర్స్ కాలవ ఒడ్డున ఫెలిక్స్ మెరిటిస్ అనే పాత భవనంలో జరిగింది. నాకు టిక్కెట్టు లేదు. ఆవైపు నడుస్తూ వెళ్లి చూస్తే గుమ్మం ముందు వీపుసంచుల కుర్రాళ్లు గుంపులుగా నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటున్నారు. వేళ్లతో గాలిలో బొమ్మలు గీస్తున్నారు. మావాడు ఫోన్లో మాట్లాడేటప్పుడు చేసేదీ అదే. ఆ సమావేశంలోనే టాన్ తాను పగ్గాలు వదిలేస్తున్నట్టు చెప్పాడు. 2026 జనవరి 1 నుంచి ఫ్రాన్సెస్కో సిద్ది అనే ఆయనకి అప్పగింత. ముప్పయ్యేళ్లు దాటింది మరి. మా హెడ్మాస్టర్లు కూడా అంతకాలం అంటిపెట్టుకోలేదు.

మావాణ్ని ఆ నెలలో బాగా కలవరపెట్టింది వేరే వార్త. టాబ్లెట్ మీద వేలితో, పెన్నుతో పనిచేసేలా బ్లెండర్‌ని మలుస్తున్నామని, ముందు ఐప్యాడ్ ప్రో కోసమని 2025 జులైలోనే వాళ్లు ప్రకటించారు. ‘ఏనుగు మన సందులోకి వస్తోంది నాన్నా’ అన్నాడు వాడు.

‘ఇన్నాళ్లూ ఎందుకు రాలేదురా?’ అని అడిగాను. నిజంగానే నాకు తెలియదు.

అప్పుడు చెప్పాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి రెండు చేతులకీ పనుంటుంది. ఒక చేయి మౌస్ మీద, ఇంకోటి కీబోర్డు మీద. బ్లెండర్‌లో జి నొక్కితే వస్తువు కదులుతుంది, ఆర్ నొక్కితే తిరుగుతుంది, ఎస్ నొక్కితే పెరుగుతుంది, తరుగుతుంది. అలాంటి మీటలు బోలెడు. వేళ్లకి అలవాటై ఉంటాయి, హార్మోనియం మెట్లలాగా. టాబ్లెట్‌లో ఆ మెట్లే లేవు. గాజు పలక, వేలు, అంతే. పైగా ఎక్కడ ముట్టుకుంటామో అక్కడే వేలు అడ్డం వచ్చి కనపడదు. అరచేయి ఆనించినా బొమ్మ మీద గీత పడకూడదు. లోపల గాలి పంకా ఉండదు కాబట్టి లెక్క బరువైతే పలక వేడెక్కి నెమ్మదిస్తుంది. కాబట్టి ఉన్నదాన్ని తీసుకొచ్చి పలక మీద పెడితే కుదరదు, చేతి కోసం మొదట్నుంచీ ఆలోచించాలి. ఫ్రాన్స్‌లో స్టెఫాన్ జినియే అనే అతను అలా ఒక్కడే కూర్చుని టాబ్లెట్ మీద శిల్పం చెక్కే నోమాడ్ స్కల్ప్ట్ రాసి 2020లో వదిలాడు. టాస్మానియా దీవిలో హోబర్ట్ అనే ఊళ్లో భార్యాభర్తలు మొదలుపెట్టిన కంపెనీ 2011లో ప్రొక్రియేట్ తెచ్చింది. ఈ రెండు పేర్లూ మా ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టాల్సినంతగా విన్నాం.

మావాడు ఐప్యాడ్‌ల జోలికి పోలేదు. మా ఊరి షెడ్లలో పనివాళ్లు కొనగలిగిన చవక టాబ్లెట్లలో నడవాలని వాడి పట్టు. మట్టి తొక్కకముందే కొనేవాళ్లకి బొమ్మ చూపించవచ్చు. ‘చేయి ఇంకాస్త పైకెత్తండి’ అంటే ఎత్తి చూపించవచ్చు. పిల్లలైతే నడిపించుకుంటారు. బాగానే ఉంది. అయితే నేనింతవరకూ దాన్ని ముట్టుకోలేదు. వాడు ఇవ్వలేదు, నేను అడగలేదు. తండ్రీకొడుకుల మధ్య ఇలాంటివి ఉంటాయి.

మనవరాలి చేతిలో

ఇవ్వటం మనవరాలికి ఇచ్చాడు. దాని పాత టాబ్లెట్‌లోకి యాప్ ఎక్కించాడు. ఒక వానసాయంత్రం అది నా ఒళ్లో కూర్చుని, ‘తాతయ్యా, పిల్లి చేద్దాం’ అంది. తెర మీద బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది. దాన్ని వేలితో నొక్కితే గుంట పడుతోంది, లాగితే సాగుతోంది, రెండు వేళ్లతో తిప్పితే వెనకవైపు కనిపిస్తోంది. నేను చెవులు లాగాను. ముట్టె లాగాను. రిటైరయ్యాక మట్టి ముట్టుకోవటం అదే మొదటిసారి. మట్టి కాదనుకోండి.

నోరు దగ్గర తేడా వచ్చింది. పై పెదవి పట్టుకుని పైకి లాగితే కింది పెదవి కూడా దాంతోపాటే లేచి వస్తోంది. నోరు ఎంతకీ తెరుచుకోదు. ఎన్నిసార్లు చేసినా అంతే. ‘పిల్లికి మాట రాదులే తాతయ్యా’ అని మనవరాలు సర్దుకుపోయిందిగానీ నాకు మనసొప్పలేదు. మావాడికి ఫోన్ చేసి చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘తెలుసు నాన్నా. మూడు నెలలుగా దాంతోనే ఛస్తున్నాను. వేలు పెట్టిన చోటు నుంచి ఇంత దూరంలో ఉన్నదల్లా కదలమని రాశాను. పెదాలు రెండూ పక్కపక్కనే ఉంటాయిగా, రెండూ కదులుతున్నాయి. విడిగా చూడమంటే యాప్ నత్తలా నడుస్తోంది’ అన్నాడు. వాడి గొంతు విని, ఆరు లక్షల ఊసు ఆ రాత్రి మా ఆవిడ దగ్గర ఎత్తలేదు.

మర్నాడు మా అమ్మాయి స్నేహితురాలు భోజనానికి పిలిచింది. వాళ్లది ఊరి మధ్యలో కాలవ ఒడ్డు ఇల్లు. మేం దిగింది ఇవతలి గట్టున. అవతలి గట్టున ఆ అమ్మాయి కిటికీలోంచి చేయి ఊపుతోంది. పులిహోర పోపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఎంత దూరమని? ఇరవై అడుగులు వేస్తే వాళ్లింట్లో ఉంటాం. కానీ మధ్యలో నీళ్లు! వంతెన ఎక్కడో ఉంది. గట్టు వెంబడి నడిచి, వంతెనెక్కి దిగి, మళ్లీ వెనక్కి నడిచి చేరేసరికి పది నిమిషాలు పట్టింది. మా ఆవిడ మోకాళ్లు తిట్టుకుంటూనే ఉంది. నాకు మాత్రం వంతెన మీదే పిల్లి నోరు గుర్తొచ్చింది.

భోజనానికి ముందే ఫోన్ చేశాను. ‘ఒరేయ్, పై పెదవి ఇవతలి గట్టు, కింది పెదవి అవతలి గట్టు. చూపుకి పక్కపక్కనే. కానీ మట్టి మీద చీమ పాకితే? పెదవి చివరిదాకా పోయి మూల తిరిగి రావాలి. నువ్వు కాకిలాగా కొలుస్తున్నావు, చీమలాగా కొలువు.’

‘అది తెలిసిందే నాన్నా. చర్మం వెంబడి కొలవటమంటారు. పుస్తకాల్లో ఉంది. కానీ ప్రతి చుక్క నుంచీ ప్రతి చుక్కకీ దారి వెతకాలంటే...’

‘ప్రతి చుక్కకీ ఎందుకురా? చీమ వేలి కింద బయల్దేరుతుంది. నీ వేలి వెడల్పు దాటాక ఆగిపోతుంది. ఊరంతా తిరగమని దానికెవరు చెప్పారు?’

అవతల నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. ‘తర్వాత చేస్తాను’ అని పెట్టేశాడు. వాడికి నేను చెప్పింది కొత్తో, ముందే అనుకున్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ‘సగం సగం’ అంటాడు. పులిహోర మాత్రం చాలా బాగుంది.

మూడో రోజు పొద్దున్న టాబ్లెట్‌లోకి కొత్త యాప్ వచ్చింది. మనవరాలు పిల్లి పై పెదవి పట్టుకుని లాగింది. కింది పెదవి కదల్లేదు. నోరు తెరుచుకుంది. అది పరమానందంగా లాగి లాగి పిల్లిని మొసలి చేసేసింది. తోకకి ఎముకలు పెట్టి ఊపింది. ముందుకాలు మోకాలి దగ్గర వంచితే మాత్రం తడి తువ్వాలు పిండినట్టు నలిగిపోయింది. అది వేరే జబ్బట. ఏ ఎముకతో ఎంత చర్మం రావాలో పంచటంలో తేడా. ఆ పంపకం కాస్త కాస్తగా మారాలి, ఒక్కసారిగా తెగకూడదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డుకి పడవెక్కాం. ఆ పడవకి టిక్కెట్టు లేదు, రాత్రీ పగలూ ఉచితం. సైకిళ్లవాళ్లు దిగకుండానే ఎక్కేస్తారు. ఎదురుగా తెల్లగా రెక్క విప్పినట్టు ఐ సినిమా మ్యూజియం. గాలి కోతకోస్తోంది. మా ఆవిడ శాలువా తలమీదుగా కప్పుకుని రెయిలింగ్ పట్టుకుంది.

‘ఉచితంగా తిప్పితే వీళ్లకేం గిట్టుబాటు?’ అంది.

‘అవతలి ఒడ్డున ఊరుందిగా’ అన్నాను.

కాసేపటికి, ‘మేడ మీద గదులు ఈ ఏడాది వద్దులే. సిమెంటు రేటు మండిపోతోంది’ అంది ఆవిడే, నీళ్లకేసి చూస్తూ. సిమెంటు రేటు ఆవిడకి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరు చెప్పారో నేను అడగలేదు.

ఇంటికొచ్చిన రోజు వరండా గదిలో తులిప్ దుంపల సంచి దించుతుంటే మావాడు తెర మీంచి తల తిప్పకుండానే అడిగాడు. ‘నాన్నా, మోకాలు వంచినప్పుడు ముందువైపు చర్మం సాగుతుందా, వెనకవైపు ముడత పడుతుందా, రెండూ జరుగుతాయా?’

ప్యాంటు మడిచి కుర్చీలో కూర్చున్నాను. ‘చూడు’ అన్నాను.